బ్యాటరీ నీ దుప్పట్లోనే ఉంది

నుర్బూ, పై ఊళ్ళో మా తాతకి ఊపిరి అందడం లేదట. ఈ చలికి ఎన్ని కిక్కులు కొట్టినా బండి స్టార్టవ్వలేదు. నువ్వొచ్చేదాకా ఆగలేక నడిచే వెళ్తున్నాను. ఆక్సిజన్ సిలిండర్ నేను మోయలేను. గుమ్మం దగ్గర పెట్టాను, బండి మీద తీసుకురా.

ముందు పెట్రోలు ట్యాప్ కట్టేసి, పళ్ళెంలో పిడకల నిప్పు వేసి ఇంజను కింద పెట్టు. ఆయిలు పలచబడ్డాక తాళం తిప్పకుండా పదిసార్లు కిక్కు కొట్టు. తర్వాత ట్యాప్ తెరిచి చోక్ లాగు. వేడినీళ్ళు మాత్రం పొయ్యకు, గడ్డకడతాయి.

బ్యాటరీని మళ్ళీ నీ దుప్పట్లోనే పెట్టాను, స్టార్ట్ చేసే ముందు తీసి బిగించు. రాత్రి దాన్ని పక్కలో వేసుకుని, "పాపం, ఇది చలికి తట్టుకోలేదే" అన్నావు. నా కాళ్ళ సంగతి అడగలేదు.

ఫ్లాస్కులో ఉప్పు టీ ఉంది. తాగుతూ కూర్చోకు.

యాంగ్‌డోల్

"గుర్రాన్నమ్మి దీన్ని కొన్నావా, మనవడల్లుడా?" అని తాత మళ్ళీ ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ. అందుకైనా ఊపిరుండాలిగా.