సర్ఫు లేని నురుగు

జులై 3, ఉదయం
ఇది రాయకూడదనే అనుకున్నాను. డెబ్బై రెండేళ్ల మనిషి తన మూత్రం గురించి డైరీ రాయడమేమిటి? కానీ నింద పడింది. బాత్రూంలో నురుగు చూసి జానకమ్మ, ఏందయ్యా, సర్ఫు గిట్ల పారబోస్తున్నవ్, రేపు బట్టలు నీ ముచ్చట్లతోటి ఉతకాల్నా అంది. యాభై ఏళ్ల కాపురంలో నేను బట్టలు ఉతికిన పాపాన పోలేదు, సర్ఫుతో నాకేం పని? డబ్బా తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసింది.

జులై 6
సర్ఫు బీరువాలో ఉంది. నురుగు బాత్రూంలోనే ఉంది.

జులై 7, మధ్యాహ్నం
నిలిచే నురుగంటే గాలికి తొడిగిన చొక్కా. ఆ చొక్కా కుట్టేది ప్రోటీన్. ఇది బడిలో నేర్చింది కాదు, బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది. పాత పుస్తకాల బండి మీద దొరికిన చదువు. ప్రోటీన్ దారపు ఉండలాంటిది. దాంట్లో కొంత భాగానికి నీళ్లంటే ఇష్టం, కొంత భాగానికి గిట్టదు. నీటి పైకి చేరగానే ఉండ విప్పుకుంటుంది. గిట్టని భాగం గాలిలోకి తల పెడుతుంది, ఇష్టమున్నది నీళ్లలో కాళ్లు చాపుతుంది. పక్కదాని చెయ్యి పట్టుకుంటుంది. ఎవరూ చెప్పకుండానే పొర తయారు. వనపర్తి బస్టాండ్‌లో మనుషులు ఇంత పద్ధతిగా నిలబడగా నేను చూడలేదు.

పాల మీద పొరలోనూ కొవ్వుతో పాటు ఉండేది ఇదే. హోటల్ బాలస్వామికి నా చాయ్ మీది పొర చూపించి ఇదంతా చెప్పాను. నీ ముచ్చట సల్లారదు గని చాయ్ సల్లారుతది, తాగు పెద్దాయనా అన్నాడు.

పొర కట్టాలంటే ప్రోటీన్ ఉండాలి. మూత్రంలో ప్రోటీన్ ఉండకూడదు. అక్కడ ఆలోచన ఆపి చాయ్ తాగాను.

జులై 11
తగ్గలేదు.

జులై 15, సాయంత్రం
వనపర్తి దవాఖానకు పోయొచ్చాను. జానకమ్మకు ఎరువుల కోసమని చెప్పాను. డాక్టర్ వనజ రిపోర్టు చూసి, రెండు కిడ్నీలూ దెబ్బతిన్నయి, జల్లెడకు చిల్లులు పెద్దగైనట్టు ప్రోటీన్ కారిపోతుంది, ఉప్పు తగ్గించు, నువ్వు మింగే మోకాళ్ల నొప్పి గోలీలు బంద్ అంది. నేను పొర సంగతి మొదలుపెట్టాను. పాపం, మొత్తం విన్నది. ఇంత తెలిసి ఇన్ని రోజులు ఏం చేసినవ్ తాతా అని అడిగింది.

బస్సులో జవాబు వెతికాను. మా ఊరు గోపాల్‌పేట వచ్చేసింది.

జులై 16
జానకమ్మకు చెప్పాను. చొక్కా, దారం, చాయ్ ఏమీ లేకుండా. కిడ్నీలు రెండుంటయి గద అంది. రెండూ అన్నాను.

జులై 17
సర్ఫు డబ్బా మళ్లీ బాత్రూం గూట్లో ఉంది.