పొత్రం తిరిగొస్తోంది

బుల్లెమ్మక్కకు తమ్ముడు వెంకటనారాయణ నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా.

మన పాత అంబాసిడర్‌కు హ్యాండ్‌బ్రేకు పట్టిందక్కా! ఇన్నాళ్లూ చూసిన ప్రతి మెకానిక్కూ తీగ ఒక్కటే బిగించాడు. నేను వెనక చక్రాలు జాకీ మీద లేపి, మొదట చక్రాల్ని పట్టి ఆపే బ్రేకు షూలు సరిచేసి, ఆ తర్వాతే తీగ బిగించాను. నిన్న యాత్రికులతో భద్రాచలం వెళ్తూ ఎత్తు మీద ఆపాను. కారులో సగం వాటా ఉన్న లాలు, అలవాటు కొద్దీ నీ రుబ్బురోలు పొత్రం పట్టుకుని చక్రం కింద పెట్టడానికి దూకాడు. బండి అంగుళం జరగలేదు!

"ఏందన్నా, ఇగ ఈ పొత్రంతోని ఏం జేద్దాం?" అన్నాడు.

బావ దగ్గు తగ్గిందా? మిరపతోటకు నీళ్లు అందుతున్నాయా? పొత్రం ఎత్తుకుపోయానని ఏడాదిగా తిడుతున్నావుగా, ఆదివారం అదే కారులో తెస్తున్నాను. పిల్లలకు దీవెనలు. గారెలకు మినప్పప్పు నానబెట్టి ఉంచు.