మూత విప్పకు

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఎదురింటి దర్జీ ఆవిడ చేత పంపుతున్నాను. రేపు మీ బావ స్టీరియో, రెండు స్పీకర్లు నీ రిపేరు కొట్టుకు తెస్తారు. డిస్కు పెడితే పాట మధ్యమధ్యలో ఎగిరిపోతోందని, ఇప్పుడు స్పీకర్లు అసలు పలకడం లేదని చెబుతారు. లెన్సు తుడవమంటారు. లెన్సు శుభ్రంగానే ఉంది, డిస్కుల మీద గీతలు కూడా లేవు.

స్టీరియో ఉన్న అలమరకు నా తల తగిలినప్పుడల్లా పాట ఎగురుతుంది. చేయి ఎత్తే ముందు ఆయన తలుపు గడియ పెట్టి సౌండు పూర్తిగా పెంచుతారు. మొన్న పాట ఎగిరినందుకు ఇంకోసారి కొట్టారు. ముందు పన్ను ఊడింది. ఇకనైనా నా అరుపు బయటికి వినపడాలని, చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని నేర్చుకున్నట్టే స్పీకర్ల వెనక మూతలు విప్పి, లోపలి వైర్లు కోసి, మళ్లీ బిగించాను.

నిన్న పాట లేకుండానే మొదలుపెట్టారు. కడుపులో తన్నేసరికి అరిచాను. దర్జీ ఆవిడ వచ్చి తలుపు బాదింది.

“ఏమయ్యా, ఏంటా చప్పుడు?”

“అలమర జరుపుతున్నామండీ.”

“అలమర ఏడుస్తుందా? తీస్తావా, వీధి మొత్తాన్ని పిలవనా?”

ఆయన బెల్టు మంచం కిందకు విసిరి తలుపు తీశారు. పెళ్లయ్యాక దెబ్బలు మధ్యలో ఆగడం అదే మొదలు.

నువ్వు ఆయనతో గొడవ పడకు. పడితే ఇంటికొచ్చి ఆ కోపం నా మీదే తీర్చుకుంటారు. విడిభాగం రావాలని చెప్పి అన్నీ నీ దగ్గరే ఉంచుకో. ఆదివారం ఆయన పనికి వెళ్లాక నన్ను తీసుకెళ్లడానికి ఖాళీ ఆటోతో రా.

వస్తువు బల్ల మీదికి రాగానే మాట్లాడుతూనే మూత విప్పడం నీకు అలవాటు. రేపు ఆయన ముందు విప్పకు. కోసిన వైర్లు ఆయన చూస్తే, ఆదివారం దాకా నేనుండను.

నీ చెల్లెలు