అద్దాల బీరువాలో రెండు గ్లాసులు

ఏవండీ, కాలేజీ నుంచి రాగానే ముందు అద్దాల బీరువా తాళం తీయండి. జామాకు కషాయంలో నానుతున్న మా నాన్నగారి పళ్ళ సెట్టు బయటకు తీసి, మంచినీళ్ళతో బాగా కడగండి. స్టీలు డబ్బాలో పెట్టుకుని వెంటనే తాడేపల్లిగూడెం బస్సెక్కండి. సాయంత్రం ముహూర్తం వేళకి ఆ పళ్ళు కల్యాణమండపంలో ఉండాలి.

పళ్ళ సెట్టు మీద బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని కూర్చుంటుందనీ, దాన్ని మీ ఆకు కషాయం వదలగొడుతుందనీ మీరంటే కాదనను. కాలేజీలో ఆ పాఠాలు చెప్పేది మీరే. కానీ పెళ్ళి చేయించాల్సిన పురోహితుడి పళ్ళే దొరికాయా మీకు? రాత్రి మనింట్లో పడుకోవడమే ఆయన చేసిన తప్పా? పొద్దున్న ఆచమనం చేస్తూ ‘కేశవ’ అంటే గాలి తప్ప మాట రాలేదండీ. బీరువా తాళంచెవి మీ జేబులో, మీ ఫోనేమో ఇక్కడ చార్జింగులో. ఇంకేం చేయను, ఆయన్ని అలాగే తీసుకెళ్తున్నాను.

పెసరట్టు పిండి ఫ్రిజ్‌లో ఉంది. వద్దులెండి, వచ్చాక తిందురుగాని.

హరిప్రియ

మరిచిపోయాను. తేడా చూడ్డానికని పక్కన ఉత్తనీళ్ళ గ్లాసులో మీరు వేసిన రెండో సెట్టు ఎవరిదో ఇప్పుడే అర్థమైంది. నిన్నటి నుంచి అత్తయ్యగారు నన్ను ఒక్క మాటా అనకపోతే, నా మీద ప్రేమ పుట్టిందనుకున్నాను. ఆ గ్లాసు మాత్రం వారం దాకా కదపకండి. పరిశోధనకి ఓపిక కావాలని మీరే అంటారుగా.