నలభై చూపించే పెట్టె

అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. ఆ మాట లేకుండా మొదలుపెడితే భయపడతావని రాశాను. చివరిదాకా చదివాక నమ్మాలో వద్దో నువ్వే చెప్పు. ఫోన్లో మాట్లాడదామంటే నాన్న చెవి ఇటే ఉంటుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న మందులు వేళకి వేసుకుంటున్నాడు. దగ్గు తగ్గలేదు. రంపపు పొట్టు వల్ల అని ఆయన, సెల్లారు చెమ్మ వల్ల అని నేను. పైకొచ్చి పడుకోమంటే, "పనిముట్లు కిందా, నేను పైనా? చుట్టపుచూపుగా వచ్చానా ఏంటి?" అన్నాడు. వడ్రంగి కడుపున పుట్టి కరెంటు పని నేర్చుకున్నాను కదా, ఇంట్లో నా మాటకి విలువెక్కడిది?

ఇక అసలు ప్రశ్న. ఇన్ని వానలు పడుతున్నా ఫోన్లో నంబరు నలభై దగ్గరే ఉంది, కొత్త మోటారు అంత బాగుందా అన్నావు. సెల్లారు మూలన ఊటనీళ్ల గుంట మీద నేను బిగించిన పెట్టె గుర్తుంది కదా. అది ఎదురుగా ఉన్నదానికి ఎంత దూరముందో కొలిచి, వైఫైలో నీకు పంపుతుంది. నీళ్లు పైకొచ్చేకొద్దీ నంబరు తగ్గాలి. ఎన్నాళ్లైనా ఒక్క అంకె కదలకపోయేసరికి నాకూ అనుమానమొచ్చి దిగి చూశాను.

పెట్టె గుంట మీద లేదు. నాన్న దాన్ని ఊడదీసి తన పనిబల్లకి బిగించుకున్నాడు. దానికెదురుగా, సరిగ్గా నలభై సెంటీమీటర్ల దూరంలో, నున్నగా చిత్రికపట్టిన టేకు పలక నిలబెట్టాడు. పనితనానికి మాత్రం వంక పెట్టలేం. ఎంతుంటే అక్కకి నిశ్చింత అని ఆమధ్య నన్నే అడిగాడు, నలభై అని నేనే చెప్పాను.

"నంబరు తగ్గినప్పుడల్లా అది అక్కడ అన్నం మానేసి ఫోన్ చేస్తోంది రా. చదువు మధ్యలో వదిలేసి వచ్చేస్తే? దాని మనశ్శాంతికి ఓ చెక్కముక్క ఖర్చు, అంతేగా," అన్నాడు.

అక్కా, ఇది తెలిసి వారమైంది. నీతో చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు, వేశాను. నీకు పరీక్షలని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికితనం తప్ప మరేం కాదు.

నిన్నటి నుంచి మోటారు ఆగకుండా తిరుగుతోంది. నీళ్లతో పాటు ఇసుక కూడా తోడుతోంది. మెయిన్ ఆపితే మోటారు ఆగిపోతుంది. ఆపకపోతే, గోడ ప్లగ్గులు నేలకి బెత్తెడు ఎత్తులోనే ఉన్నాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

పొద్దున పెట్టె తీసి నాన్న మంచం కింద బోర్లా కట్టాను. నేల అప్పటికి పొడిగానే ఉంది, మంచం ఎత్తూ సరిగ్గా నలభయ్యే. నంబరు చూసి నాన్న నవ్వాడు. "చూశావా, మళ్లీ నలభయ్యే. అక్కకే లేని కంగారు నీకెందుకు?" అని అటు తిరిగి పడుకున్నాడు. ఇందాక వెళ్లి చూస్తే, తడిసిన చెప్పులు మంచం మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపితే కసిరాడు.

కాబట్టి ఇప్పుడు నీ ఫోన్లో కనిపించేది నీళ్లకీ నాన్నకీ మధ్య దూరం. నేను పైకొచ్చేసరికి ముప్పై ఎనిమిది. నువ్వు పిలిస్తే తప్ప ఆయన మెట్లెక్కడు. నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు ఆయనకి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ తమ్ముడు

ముప్పై ఆరు.