బల్ల అడుగు బొమ్మ

నవంబరు 16, ఆదివారం

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నీ దగ్గు తగ్గిందని, స్కూల్లో పరీక్షల హడావిడి ఓ కొలిక్కి వచ్చిందని తలుస్తాను. మీ మరిది నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. చుక్కకి ముందు పన్ను ఊడింది. దాన్ని అగ్గిపెట్టెలో వేసుకుని రోజంతా ఆడిస్తూ ఆ చప్పుడు వింటోంది. కుశలాలు అయిపోయాయి, ఇక అసలు సంగతి.

మొన్న ఫోన్లో నువ్వు మాట్లాడినంతసేపూ నేను ఊఁ కొట్టాను కదా, ఒప్పుకున్నానని అనుకుని ఉంటావు. ఒప్పుకోలేదు. నువ్వు హెడ్‌మిస్ట్రెస్‌వి స్కూల్లోనే కాదు, నాకూ హెడ్‌మిస్ట్రెస్‌వే. నీ గొంతు వింటే నాకు ఈ వయసులోనూ నోరు పెగలదు. అందుకే కాగితం మీద పోట్లాడుతున్నాను. మధ్యలో ఆపలేవు.

నీ మాటలన్నీ గుర్తున్నాయి. పిల్లని చూసుకోవాల్సిన దానివి రంగులు పూసుకుంటూ కూర్చుంటావేమిటే అన్నావు. ప్రదర్శనలో బొమ్మ పెడితే పెట్టుకో గానీ చుక్కని మాత్రం ఆ హాలుకి తీసుకెళ్ళకు, మా స్కూలు వార్షికోత్సవంలో చేసినట్టే నలుగురిలో పరువు తీస్తుందన్నావు. ఫోన్ పెట్టేసే ముందు, మన వైపు ఇలాంటివాళ్ళు ఎవరూ లేరే, ఎక్కడి నుంచి వచ్చిందో అన్నావు. చుక్కకి ఆటిజం అని డాక్టరమ్మ చెప్పి రెండేళ్ళయింది. నువ్వింకా గారాబం అనే అంటున్నావు. ఆ రోజు హాలంతా ఒక్కసారిగా చప్పట్లు కొడితే పిల్ల చెవులు మూసుకుని కేక పెట్టింది. దానికి అది నెత్తిన రాళ్ళవాన. నువ్వు ఆ టైముకి అక్కడ లేవు కూడా, ఆఫీసు గదిలో ఏదో పనుందని వెళ్ళావు. తర్వాత ఎవరో చెప్తే తెలిసింది నీకు.

ఇక బొమ్మలు. నేను చిత్రకారిణిని కానని నువ్వు గుర్తుచెయ్యక్కర్లేదు, నీకంటే నాకే బాగా తెలుసు. వారమంతా కళ్ళద్దాల షాపులో ఫ్రేములకి స్క్రూలు బిగించుకునే మనిషిని. ఆదివారం బొమ్మల క్లాసులో ఇన్నాళ్ళూ జలపాతాలు వేశాను, పూలకుండీలు వేశాను, అన్నీ క్యాలెండర్లు చూసే. మాస్టారు వచ్చి, నీట్‌గా ఉందమ్మా అని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేవారు. అక్కడ మాత్రం చాలాసేపు నిలబడేవారు. ఇంటికొచ్చి ఆ కాగితాలు బీరువా వెనక్కి తోసేసేదాన్ని. పిల్లతో తీరిక దొరక్క గానీ లేకపోతేనా అని మీ మరిదితో అనేదాన్ని. ఆడలేక మద్దెల ఓడు. తీరిక దొరికిన రోజు వేసిందీ జలపాతమే.

బ్రష్ కడిగి గాజుగ్లాసు అంచుకి కొట్టే చప్పుడు చుక్కకి పడదు. టిక్కుమనగానే బల్ల కింద దూరేది. అందుకని గ్లాసు తీసేసి ప్లాస్టిక్ డబ్బా పెట్టాను, బ్రష్ కొట్టడం మానేసి తడి తువ్వాలుకి తుడవడం నేర్చుకున్నాను. అయినా ఆ బల్ల కింద చోటు దానికి నచ్చేసింది. ఏ బల్లో తెలుసుగా, మన ఇంట్లో నువ్వు చదువుకున్న బల్లే. ఆ మధ్య ఇల్లు మారుతూ, వాడుకుంటే వాడుకో, లేదంటే విరగ్గొట్టి పారెయ్ అని నాకు పంపావే, అదే.

ఓ శనివారం పొద్దున పై వాటాలో గోడకి డ్రిల్లింగ్ మొదలుపెట్టారు. చుక్క కిందికి దూరింది, ఎంత పిలిచినా రాలేదు. చివరికి నేనే పాక్కుంటూ వెళ్ళి పక్కన వెల్లకిలా పడుకున్నాను. అది నన్ను చూడలేదు, పైకి చూస్తోంది. నేనూ పైకి చూశాను. బల్లకి పైనంతా నున్నటి పాలిష్ ఉంటుంది గానీ అడుగున ఎవరూ ఏమీ పూయరక్కా. పచ్చి చెక్క. కారి గడ్డకట్టిన జిగురు, వంకర తిరిగిన మేకు, ఓ మూల వరసగా నీలం పెన్సిల్ గీతలు. వడ్రంగి కొలతలకి పెట్టుకున్న గుర్తులేమో అనుకున్నాను. డ్రిల్లింగ్ ఆగేదాకా ఇద్దరం అవే చూస్తూ పడుకున్నాం. మర్నాడు అట్టకి కాగితం అంటించుకుని మళ్ళీ దూరాను.

వెల్లకిలా పడుకుని నీటిరంగులు వేసి చూడు, సరదా తీరిపోతుంది. నీళ్ళు మోచేతిదాకా కారతాయి, కళ్ళలో పడతాయి. అందుకే నీళ్ళు తగ్గించి రంగు చిక్కగా పెట్టాల్సి వచ్చింది. అలా పెట్టకూడదని మాస్టారు నేర్పిందంతా గాలికి పోయింది. వేయడం అయ్యాక చుక్క చాలాసేపు చూసింది. కాగితం మీద ఒక్కో గీత మీదా వేలు పెట్టి, మళ్ళీ చెక్క మీద అదే గీత మీద పెట్టింది. ఓ చోట ఆగింది. నా చేతిలోంచి బ్రష్ తీసుకుని, నేను వదిలేసిన గీత తనే పెట్టింది. నా బొమ్మని పట్టించుకుని తప్పు దిద్దిన మొదటి మనిషి అదే. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆ బొమ్మ క్లాసుకి తీసుకెళ్తే మాస్టారు ఈసారి నా దగ్గరే నిలబడిపోయారు. తర్వాత, ప్రదర్శనలో గోడకి నడిమధ్యన పెడదామన్నారు. నేను కాదన్నాను. కింద నుంచి వేసిన బొమ్మ, కింద నుంచే చూడాలి, ఓ బల్ల అడుగున అంటించండి, నేను చాప పరుస్తాను, పడుకుని చూస్తారన్నాను. ప్రదర్శన పెట్టే సంఘం కార్యదర్శి నవ్వేశారు. పెద్దవాళ్ళు వస్తారమ్మా, వంగలేరు, బట్టలు మాస్తాయన్నారు. వంగలేనివాళ్ళు గోడల మీద జలపాతాలు చూసుకుంటారు, వాటికేం కొదవలేదన్నాను. అక్కడితో ఆగలేదు. మా అమ్మాయి వస్తుంది, ఆ బల్ల కిందే ఉంటుంది, కాబట్టి ప్రారంభానికి చప్పట్లు ఉండకూడదన్నాను. చప్పట్లు లేకపోతే మొదలైనట్టు జనానికి ఎలా తెలుస్తుందని అడిగారాయన. తలుపులు తీస్తే తెలుస్తుందన్నాను. చివరికి మాస్టారు కల్పించుకుని వెనక గుమ్మం పక్కన ఓ మూల ఇప్పించారు. చప్పట్లకి బదులు చేతులు ఊపమని ముందే అందరికీ చెప్తారట.

అంత మాట్లాడి వచ్చానా, ఇంటికి నడుస్తుంటే ధైర్యం సగం దిగిపోయింది. బొమ్మ బాగుందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. పిల్లని అడ్డం పెట్టుకుని మెప్పు కొట్టేయాలని చూస్తున్నానా అని కూడా అనిపించింది. అయినా తీసెయ్యను. బాగుంటేనే బయట పెట్టాలి, బుద్ధిగా ఉంటేనే బయటికి రావాలి అంటే, నేనూ చుక్కా జన్మంతా బీరువా వెనకే ఉండాలి. ఉండం.

ప్రదర్శన వచ్చే శనివారం పొద్దున పదింటికి. నువ్వు రాకపోతే అలగను. వస్తే మాత్రం కాటన్ చీర కట్టుకుని రా.

ఇట్లు,
ఈ ఒక్కసారికి నీ మాట వినని
నీ చెల్లెలు

తా.క. ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పాను. నీ ఫోన్ వచ్చిన మర్నాడు పిన్ని వచ్చింది. బల్ల కింద చుక్కని చూడబోయి వంగింది, వంగిన మనిషి చాలాసేపు లేవలేదు. ఆ నీలం గీతలు వడ్రంగివి కావట. నేను పుట్టకముందు, ఇంటికి ఎవరొచ్చినా నువ్వు ఆ బల్ల కింద దూరేదానివట. గుమ్మం దాటి వెళ్ళిపోయిన ఒక్కో జత చెప్పులకీ ఒక్కో గీత గీసేదానివట. అందరూ వెళ్ళేదాకా బయటికి వచ్చేదానివి కాదట. అమ్మ నీ కంచం అక్కడికే తోసి, పిల్ల పక్కింటికి ఆడుకోడానికి వెళ్ళిందని వచ్చినవాళ్ళకి చెప్పేదట. అప్పట్లో దానికి పేరెక్కడిదే, సిగ్గరి పిల్ల అనుకున్నాం అంది పిన్ని.

చప్పట్ల వేళకి నీకు ఆఫీసు గదిలో పని ఎందుకు పడుతుందో ఇప్పుడు అర్థమైంది. మన వైపు ఎవరూ లేరన్న మాట నేను మర్చిపోతాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పను. ఆ గీతలు చెరపమని మాత్రం అడక్కు. బల్లకీ చెరపను, బొమ్మలోనూ చెరపను. శనివారం ఆ హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టరు. చాప మీద ఇద్దరికి చోటుంది. చుక్క ఎప్పుడూ గోడ వైపే పడుకుంటుంది, ఇవతలి పక్క నీది.