ఆదివారం పగటి ఆట

ఆగస్టు 12, మంగళవారం

మళ్ళీ అదే గొడవ. టీవీలో మన టీమ్ బేస్‌బాల్ ఆట, అందరికంటే బాగా ఆడే మన షార్ట్‌స్టాప్‌ని కూర్చోబెట్టారు. దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు. ఊరికే విశ్రాంతి. శ్రీధర్ సోఫాలో దుప్పటి కప్పుకుని, నిన్న తగిలించిన కీమో పంపు పొట్ట మీద పెట్టుకుని, ఆ టీమ్ మేనేజర్‌ని దుమ్మెత్తిపోస్తున్నాడు. "టిక్కెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు ఎవర్ని చూడాలి? బెంచీ మీద కూర్చుని గింజలు నమిలేవాణ్ణా?"

నేను ఎప్పటిలా ఎదురుపక్షం. రోజూ ఆడి ఆడి ఒళ్ళు హూనం చేసుకుంటే అక్టోబర్‌కి ఏం మిగులుతాడు? అసలు ఆటలు, కప్పు తేల్చేవి, అప్పుడేగా...

పెళ్ళైన కొత్తలో ఈ ఆటేమిటో నాకు తలా తోకా తెలిసేది కాదు. ఇప్పుడు గొంతు చించుకుని వాదిస్తున్నాను. వాదిస్తే అతని ముఖంలో కాస్త కళ వస్తుంది. అందుకే వాదిస్తాను.

ఆగస్టు 14, గురువారం

మజ్జిగ, రెండు గుక్కలు. అంతే.

ఆగస్టు 16, శనివారం

రమేష్ వచ్చాడు. శ్రీధర్ ఆఫీసులోనే పనిచేస్తాడు, ఇల్లు రెండు వీధుల అవతల. వరంగల్ నుంచి అమెరికా వచ్చి ఎన్నేళ్ళైనా ఆ యాస పోలేదు, పోనివ్వడు కూడా. కూర్చోగానే మొదలుపెట్టాడు. "గట్లెట్ల కూసోపెడ్తరు వదినా? పెండ్లికి పిలిచి, పెండ్లికొడుకు పండుకున్నడు, మీరు తిని పోండ్రి అంటే ఎట్ల?"

శ్రీధర్ నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వాడు.

రమేష్ వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు. "ఒక్కసారి వాణ్ణి నేరుగా చూడాలనుంది." ఆ షార్ట్‌స్టాప్ కుర్రాడు టీమ్‌లోకి వచ్చినప్పటి నుంచీ టీవీలో చూడటమే. వచ్చే ఏడు వెళ్దాం, ఆ పై ఏడు వెళ్దాం... రైలెక్కితే స్టేడియం. ఎప్పుడైనా వెళ్ళొచ్చని ఎప్పుడూ వెళ్ళలేదు.

ఇది కావాలి అని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అడిగాడు.

ఆగస్టు 17, ఆదివారం

టిక్కెట్లు బుక్ చేశాను. కుదిరితే వచ్చే వారాంతమే కుదరాలి. 25న మళ్ళీ కీమో. ఆ తర్వాత వారం పది రోజులు అతను లేవలేడు.

శనివారం రాత్రి ఆట ఉంది, ఆదివారం మధ్యాహ్నం ఆట ఉంది. అమ్మ విజయవాడ నుంచి పంపిన క్యాలెండర్ తీశాను. శనివారం అమావాస్య. మామూలు రోజుల్లోనే అమావాస్య నాడు ప్రయాణం పెట్టుకోను, ఇలాంటప్పుడు గడప దాటిస్తానా?

"ఆదివారం బుక్ చేస్తున్నా."

శ్రీధర్ ఫోన్‌లో షెడ్యూల్ చూశాడు. నా వైపు చూశాడు. "ఆదివారమేనా?"

"శనివారం అమావాస్య."

"సరే. పగలైతే ఎండగా ఉంటుంది, మంచిదే."

నా క్యాలెండర్‌ని ఎగతాళి చేయకుండా ఒక్క పండగ గడిపిన మనిషి కాదు. ఇవాళ ఒక్క మాట అనలేదు.

ఆగస్టు 20, బుధవారం

రెండు ఇడ్లీలు తిన్నాడు, కారప్పొడితో. మేఘ వాళ్ళ నాన్నకి టీమ్ టోపీ కొనుక్కొచ్చింది. జుట్టు లేని తలకి వదులైంది. వెనక పిన్నీసు పెట్టాను.

ఆగస్టు 23, శనివారం

సాయంత్రం నుంచీ ముగ్గురం టీవీ ముందే. షార్ట్‌స్టాప్ ఏం ఆడాడు... శ్రీధర్ దుప్పట్లోంచి చేతులు బయటికి తీసి మరీ చప్పట్లు కొట్టాడు. "రేపు అక్కడ కూర్చుని కొడుదువుగాని" అన్నాను. నవ్వి చేతులు మళ్ళీ దుప్పట్లోకి లాక్కున్నాడు.

ఆగస్టు 24, ఆదివారం

రాయాలని లేదు. రాస్తున్నాను.

మా నేపర్‌విల్ స్టేషన్‌లో పొద్దున రైలెక్కాం. సిటీలో మెట్ల దగ్గర రెండుసార్లు ఆగాం. మంచి సీట్లు, నీడ, అన్నీ బాగానే కుదిరాయి. టోపీ సర్దుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. అప్పుడు మేఘ ఫోన్ చూసి, "నాన్నా... ఇవాళ లైనప్‌లో అతను లేడు. రెస్ట్ డే అంట."

నేను ఫోన్ లాక్కుని మళ్ళీ చూశాను. శ్రీధర్ మాత్రం, "నిన్న చాలాసేపు ఆడాడుగా, అలసిపోయి ఉంటాడు" అన్నాడు. నా మాట. ఇన్నేళ్ళుగా నేను వాదించిన మాట, అతని నోట్లోంచి.

ఆట ఎవరు చూశారు? శ్రీధర్ చూపంతా బెంచీ మీదే. ఆ కుర్రాడు రెయిలింగ్ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు, నీళ్ళు తాగాడు, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడాడు. ఆఖర్లో హెల్మెట్ పెట్టుకుని, బ్యాట్ పట్టుకుని బెంచీ ముందు మెట్ల మీదికొచ్చాడు. శ్రీధర్ నా మోచెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఒక్క హిట్ పడితే తర్వాతి వంతు వాడిదే. పడలేదు. ఆట అయిపోయింది. అతను హెల్మెట్ తీసేసి లోపలికి వెళ్ళిపోయాడు.

రైల్లో నా భుజం మీద తల పెట్టి, "చూశానుగా, నిలబడి ఉండగా చూశాను" అన్నాడు. ఏడుపు ఆగలేదు నాకు. మేఘ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆగస్టు 25, సోమవారం

కీమో అయింది. ఇంటికొచ్చేసరికి రమేష్ పప్పుచారు తెచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వంటింట్లో గిన్నె అందుకుంటూ నిన్నటి సంగతి చెప్పాను. తల గోక్కున్నాడు. "రాత్రి ఆట అయినంక తెల్లారి పగటి ఆట ఉంటే పెద్ద ప్లేయర్లని కూసోపెడ్తరు వదినా. శానాసార్లు గంతే. అన్నకి ఎర్కనే గద?"

అన్నకి ఎరుకే. షెడ్యూల్ చూసినప్పుడే ఎరుక.

రమేష్ వెళ్ళేదాకా ఆగి శ్రీధర్‌ని అడిగాను. "తెలుసా నీకు?"

"ఆడించరేమో అనుకున్నా."

"చెప్పొచ్చుగా, శ్రీ. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "అమావాస్య రోజు వెళ్ళొచ్చి, తర్వాత నాకేమైనా అయితే... నువ్వు బతికినన్నాళ్ళూ ఆ శనివారాన్నే తిట్టుకుంటావు. నాకది ఇష్టం లేదు."

వంటింట్లోకి వెళ్ళాను. పప్పుచారు చల్లారిపోయింది.

ఆగస్టు 29, శుక్రవారం

గుడికి వెళ్ళాను. అర్చన చీటీ రాయించే చోట గోడకి ఇక్కడి క్యాలెండర్ ఉంది, షికాగో టైమ్‌తో వేసింది. అమావాస్య ఇక్కడ కిందటి శుక్రవారం రాత్రితోనే అయిపోయింది. శనివారం తెల్లారేసరికే పాడ్యమి.

ఇన్నేళ్ళుగా వినాయక చవితి దగ్గర్నుంచి దీపావళి దాకా ఇక్కడి టైమ్ చూసుకునే చేసేదాన్ని. ఎవరైనా ఇండియా తిథి చెబితే నేనే దిద్దేదాన్ని. ఆ ఒక్కరోజు భయం కొద్దీ అమ్మ క్యాలెండర్ పట్టుకు వేలాడాను.

శ్రీధర్‌కి చెప్పలేదు. చెప్పను.

సెప్టెంబర్ 4, గురువారం

స్కాన్ బాగాలేదు. డాక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని మాట్లాడింది. మందు మునుపటిలా పనిచేయడం లేదట. సోమవారం కీమో తీసుకోవచ్చు, లేదా ఒక విడత ఆపి ఒంటికి విశ్రాంతి ఇవ్వచ్చు. మీ ఇద్దరి ఇష్టం.

"విశ్రాంతి అయ్యాక మళ్ళీ మొదలుపెడతారా?" అని నేను.

"అప్పటికి ఎలా ఉందో చూద్దాం" అని ఆవిడ. మొదలుపెడతాం అనలేదు. అది నాకు అర్థమైంది.

కార్‌లో శ్రీధర్, "ఆపేద్దాం" అన్నాడు. నేను డ్రైవ్ చేస్తూనే ఉన్నాను. మా వీధి మలుపు దాటిపోయాక చూసుకున్నాను.

సెప్టెంబర్ 6, శనివారం

గొడవ. ఈసారి ఆట గురించి కాదు.

"నువ్వేగా ఎప్పుడూ విశ్రాంతి పార్టీ" అన్నాడు నవ్వుతూ. నాకు ఒళ్ళు మండింది. "విశ్రాంతి అక్టోబర్ కోసం. అక్టోబర్ ఉంటేగా!" అనేశాను.

మేఘ గది తలుపు మెల్లగా మూసుకుంది.

అతనికి కోపం రాలేదు. దగ్గరికి రమ్మని చెయ్యి చాపాడు. "అందుకేనే. ఉన్నన్నాళ్ళు నాకు నోటికి రుచి తెలియాలి. నీతో నిలబడి దెబ్బలాడే ఓపిక ఉండాలి."

నాకు మాత్రం అతను కావాలి. రుచి తెలియకపోయినా, లేవలేకపోయినా, ఆ సోఫాలో ఉంటే చాలు. ఇది స్వార్థమే. అయితే ఏం?

సెప్టెంబర్ 7, ఆదివారం

మధ్యాహ్నం ఆట. మన షార్ట్‌స్టాప్ ఆడుతున్నాడు. బాగా ముందున్నాం. తొమ్మిదింటిలో ఏడో ఇన్నింగ్స్‌లోనే మేనేజర్ అతన్ని లోపలికి పిలిచేశాడు, ఇక చాలన్నట్టు.

"ఆడనివ్వచ్చుగా, వాడికేం పోయేకాలం!" అని అరిచాను. గెలిచే ఆటకి ఎందుకు అరిచానో తెలియదు.

"పోనీలేవే" అన్నాడు శ్రీధర్. కాసేపటికి నిద్రపోయాడు, టోపీతోనే.

వచ్చే శనివారం మన టీమ్ ఇక్కడే ఆడుతుంది. రాత్రి ఆట. రేపు కీమో అయితే శనివారానికి లేవలేడు. కీమో వద్దంటే రైలెక్కగలడు. ఫోన్‌లో టిక్కెట్ల పేజీ తెరిచి పెట్టుకున్నాను, మూడు సీట్లు, మెట్లు తక్కువున్న వైపు. తిథి చూడలేదు.

పొద్దున ఎనిమిది లోపు నర్సుకి ఫోన్ చెయ్యాలి. వస్తున్నామనో, రావడం లేదనో. శ్రీధర్ లేచాక ఇంకోసారి అడగాలి. లేపబుద్ధి కావడం లేదు.